బుల్లెట్ కూర్చునే లోతు: రైఫిల్ తూటా లెక్క ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌కు వర్తిస్తుందా?

ప్రశ్న – కంటోన్మెంట్ విజయనగరం

పెద్దలకు నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. మొన్నటి వరకు బ్యారెల్ మడిచి పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, పెట్టే స్ప్రింగు రైఫిల్‌తో నేర్చుకుంది. ఈ ఏడాది ఒకరు కొంతకాలం వాడి అమ్మిన పీసీపీ మ్యాచ్ రైఫిల్‌ను, అంటే సిలిండరులో నింపిన గాలితో పనిచేసే రకాన్ని, కొన్నాం. మా జిల్లాలో బరువులెత్తే పిల్లలకు కొండవెలగాడ వంటి ఊరు ఉంది, అడిగితే చెప్పేవారు ఇంటికొకరు ఉన్నారు. షూటింగ్ విషయంలో మాత్రం సందేహం తీర్చేవారు దగ్గరలో దొరకడం లేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

అమ్మాయికి వరుసగా 10.3, 10.5 పడుతూ ఉండగా ఉన్నట్టుండి ఒక 9.6 పడుతోంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు గురి చెదరలేదని ఆమె గట్టిగా చెబుతోంది. లోపం చేతిలోనే ఉందని కోచ్ గారి అభిప్రాయం. పెల్లెట్లు అమ్మే ఆయన మాత్రం ఖరీదైన డబ్బా తీసుకోమంటున్నారు. ఆయన వేరేలా చెబుతారని నేను అనుకోలేదు లెండి. ఈలోగా, కొన్ని దేశాలలో రైఫిల్ తూటాలను (కేసు, అందులో మందు, పైన బుల్లెట్ కలిసినదే తూటా) సొంతంగా కూర్చుకునేవారు బుల్లెట్‌ను ఇత్తడి కేసులోకి ఎంత లోతుగా దించాలన్నది ఇంచులో వెయ్యో వంతుల లెక్కన మారుస్తూ గురిని మెరుగుపరుచుకుంటారని చదివాను.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇది. ఆ లోతు వల్ల నిజంగా గురి మారుతుందా, మారితే ఎందుకు? అదే సూత్రం పెల్లెట్‌కు కూడా వర్తిస్తే, బోల్ట్ (బ్యారెల్ వెనుక భాగాన్ని మూసే కడ్డీ) మూసే ముందు ఒక సన్నని పుల్లతో పెల్లెట్‌ను మరికాస్త లోపలికి నెట్టడం వల్ల ప్రయోజనం ఉంటుందా? రేపు అమ్మాయి 50 మీటర్ల .22 రైఫిల్‌కు వెళ్తే అక్కడ ఈ పద్ధతికి అవకాశం ఉందా?

జవాబు – పలాస నుంచి టెక్సాస్

నమస్కారమండి. మాది పలాస, ఉద్యోగం వల్ల ప్రస్తుతం టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ చట్టం అనుమతిస్తుంది కనుక నా రైఫిల్ తూటాలను నేనే కూర్చుకుంటాను. మీ మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పగలను. పెల్లెట్ల సంగతి తెలిసినవారికి వదిలేస్తున్నాను.

బ్యారెల్ లోపల మెలికలుగా గాడులు, వాటి మధ్య గట్లు ఉంటాయి. తూటా ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనుక తూటా పట్టే గదిలో, కూర్చున్నప్పుడు బుల్లెట్ ఆ గట్లను తాకుతూ ఉండదు; సాధారణంగా కొంత ఖాళీ ఉంటుంది. తుపాకీ మందు అంటుకోగానే బుల్లెట్ కేసు మెడ విడిచి, ఆ ఖాళీని దాటి, గట్లలోకి దిగుతుంది. ఈ ఖాళీని మేము జంప్ అంటాం. బుల్లెట్‌ను కేసులోకి లోతుగా దించితే జంప్ పెరుగుతుంది, పైకి ఉంచితే తగ్గుతుంది. గట్లలోకి దిగే ఆ క్షణంలో బుల్లెట్ బ్యారెల్ మధ్యరేఖకు ఎంత సూటిగా ఉన్నది, ప్రతి తూటాలోనూ అదే తీరుగా దిగుతున్నదా లేదా అన్నదానిపై గురి కొంత ఆధారపడుతుంది. ముక్కు బాగా సన్నగా, పొడుగ్గా ఉన్న బుల్లెట్లు ఈ లోతు విషయంలో పేచీ పెడతాయి. ముక్కు గుండ్రంగా తిరిగినవి అంతగా పట్టించుకోవు.

కొలవడంలో ఒక చిక్కు ఉంది. తూటా మొత్తం పొడవును ముక్కు కొస నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఒకే పెట్టెలోని బుల్లెట్లకే కొసలు ఒక్కలా ఉండవు. అందుచేత కేసు అడుగు నుంచి, బుల్లెట్ వంపు పూర్తి మందానికి దగ్గరపడే చోటు వరకు, క్యాలిపర్ అనే కొలత పరికరానికి బిగించే కంపారేటర్ అన్న ప్రత్యేకమైన ముక్కతో కొలుస్తారు. గట్లను తాకే పొడవు ఎంతో ముందు కనుక్కుని, అక్కడి నుంచి ఇంచులో 20 వేలవంతులు, అంటే సుమారు అర మిల్లీమీటరు వెనక్కు తీసుకుని మొదలుపెట్టడం చాలామంది అలవాటు. తర్వాత ఒక్కొక్క లోతుకు కొన్ని తూటాలు కాల్చి చూస్తారు. రైఫిల్ వాడేకొద్దీ గట్ల మొదలు వేడికి అరిగి ముందుకు జరుగుతుంది కనుక ఒకసారి దొరికిన కొలత శాశ్వతం కాదు.

లోతు మారిస్తే గురి ఒక్కటే మారదు, పీడనమూ మారుతుంది. బుల్లెట్‌ను మరీ లోపలికి దించితే కేసులో మందు మండే చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. బయటికి తెచ్చి గట్లకు ఆనించినా పీడనం పెరుగుతుంది. కదులుతున్న బండిని తోయడం తేలిక, నిలిచిన బండిని గట్టెక్కించడం కష్టం. అందువల్ల బుల్లెట్‌ను గట్లకు ఆనించదలచినవారు మందును ముందుగా తగ్గించి మొదలుపెట్టాలి. ఇది పుస్తకం చూసి సరదాకు చేసే పని కాదు.

నా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాను. ఈ లోతు ప్రయోగాలలో చాలామంది మూడు తూటాల గ్రూపు, అంటే వాటి రంధ్రాల గుంపు, చూసి "ఇదే సరైన లోతు" అని తీర్మానిస్తారు. అదే లోతుతో మళ్లీ కాలిస్తే చాలాసార్లు ఆ చక్కని గ్రూపు తిరిగి రాదు. లోతు ప్రభావం ఉన్నమాట నిజమే, కానీ జనం చెప్పుకునేంత లేదు.

జవాబు – నాగావళి ఒడ్డు కోచ్, శ్రీకాకుళం

పై జవాబు వివరంగా ఉంది, ధన్యవాదాలు. పెల్లెట్ సంగతి నేను చెబుతాను.

మీ అమ్మాయి ఇప్పుడు వాడుతున్న పీసీపీ మ్యాచ్ రైఫిల్‌లో బోల్ట్ మూసినప్పుడు దాని ముందున్న సన్నని ముక్కు పెల్లెట్‌ను గాలి వచ్చే రంధ్రం దాటించి బ్యారెల్‌లోకి నెడుతుంది. అంటే పెల్లెట్ ఎంత లోతున కూర్చోవాలో రైఫిల్ తయారుచేసినవారే నిర్ణయించారు, ప్రతిసారీ అంతే లోతున కూర్చుంటుంది. తూటాలు కూర్చుకునేవారు ఎంతో శ్రమపడి సాధించే సమానత్వం మీకు బోల్ట్ ఒక్క కదలికలో ఇస్తోంది. దాన్ని పుల్లతో చెడగొట్టకండి. పుల్ల స్కర్టును, అంటే పెల్లెట్ వెనుకవైపు పల్చని అంచును, ఒక పక్క వంచినా చాలు. ఆ అంచు గాలి ఒత్తిడికి విచ్చుకుని గాడులను పట్టుకోవలసినది, వంకరగా పట్టుకుంటుంది.

బ్యారెల్ మడిచే రైఫిల్‌కైతే మీ ప్రశ్న అర్థవంతమైనదే. అక్కడ పెల్లెట్‌ను దించేది బొటనవేలు. స్కర్టు కాస్త బయటికి ఉంటే బ్యారెల్ మూసేటప్పుడు నలుగుతుంది. ఒకసారి అంచుకు సమంగా, ఒకసారి మిల్లీమీటరు లోపలికి దించితే వేగం మారుతుంది. మా దగ్గర కొత్త పిల్లలకు మొదట నేర్పేది ఇదే: వెలుతురుకు పట్టుకుని స్కర్టు గుండ్రంగా ఉందో లేదో చూసి, అంచుకు సమంగా దించి, వేలికొసతో ఒకసారి తడిమి, ఆ తర్వాతే మూయాలి. పిల్లలు దీన్ని చాదస్తం అంటారు, అనుకోనివ్వండి.

ఇక 9.6 సంగతి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది వలయం 0.5 మి.మీ. చుక్క మాత్రమే, పెల్లెట్ మందం 4.5 మి.మీ. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే చాలు కనుక, పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపల ఉన్నంతవరకు పది పడుతుంది. దశాంశాలు కూడా ఇలాగే: కేంద్రం నుంచి 0.25 మి.మీ. జరిగిన కొద్దీ 0.1 తగ్గుతుంది. ఈ లెక్కన 9.6 అంటే పెల్లెట్ కేంద్రం మూడు మిల్లీమీటర్లకు పైగా పక్కకు పోయిందన్నమాట.

రైఫిల్‌ను వైస్‌లో, అంటే కదలకుండా పట్టే ఇనుప బిగింపులో, బిగించి ఒకే డబ్బాలోని పెల్లెట్లు కాల్చితే, మంచి మ్యాచ్ రైఫిల్ రంధ్రాల గుంపు బయటి అంచు నుంచి బయటి అంచుకు ఐదు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అందులోంచి పెల్లెట్ మందం 4.5 తీసేస్తే కేంద్రాల మధ్య దూరం అర మిల్లీమీటరు. నాసి పెల్లెట్లతో గుంపు ఆరున్నర మిల్లీమీటర్లకు పెరిగిందనుకుందాం. అప్పటికీ కేంద్రాల మధ్య దూరం రెండే, అంటే మధ్య నుంచి ఒక్కో వైపుకు సుమారు ఒక మిల్లీమీటరు. మధ్యకు గురిపెట్టిన దెబ్బను పెల్లెట్ ఒక్కటే మూడు మిల్లీమీటర్లు పక్కకు తీసుకుపోలేదు. మీ కోచ్ గారి మాటే నిజమనిపిస్తోంది. అయితే వైస్ పరీక్ష చేసేవరకు నేనూ తీర్పు చెప్పను.

పెల్లెట్ల వల్ల పోయేది ఒక్కసారిగా పడే 9.6 కాదు, ప్రతి దెబ్బకూ పోయే 0.1, 0.2. అరవై దెబ్బల పోటీలో అవే ఆరు, పన్నెండు పాయింట్లు. అందుకే పెల్లెట్ ఎంపికను తేలిగ్గా తీసుకోకూడదు. మ్యాచ్ పెల్లెట్లు తల కొలతల ప్రకారం 4.49, 4.50, 4.51 అంటూ మిల్లీమీటరులో వందో వంతు తేడాలతో దొరుకుతాయి. మీ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో కాల్చి చూడవలసిందే, డబ్బా మీది ధర చెప్పదు. నప్పినది దొరికితే అదే బ్యాచ్ నంబరుతో ఉన్న డబ్బాలు కొన్ని కలిపి కొనిపెట్టుకోండి. అదే కంపెనీ, అదే కొలత అయినా వేరే బ్యాచ్ వేరేలా ప్రవర్తించవచ్చు.

మీరు కొన్నది వాడిన రైఫిల్ అన్నారు కనుక, పెల్లెట్ల కంటే ముందు దాన్ని చూపించండి. గాలి సిలిండరు మీద చెల్లుబాటు తేదీ ముద్రించి ఉంటుంది. చాలా కంపెనీలు పదేళ్ల పరిమితి పెడతాయి. తేదీ దాటిన సిలిండరుతో పోటీకి రాకుండా చూసుకునే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమం. నియమం సంగతి అటుంచి, 200 బార్ల పీడనం నింపిన డొక్కు సిలిండరు పిల్ల చెంపకు దగ్గరలో ఉండటం నాకు ఇష్టం లేదు. తర్వాత బోల్ట్ మీది రబ్బరు ఓ-రింగు చూడండి. అది అరిగితే గాలి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ కారుతుంది, వేగం నిలకడగా ఉండదు.

వేగం ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్క. సెకనుకు 170 మీటర్ల వేగంతో పెల్లెట్ పది మీటర్లు చేరేసరికి, గాలి నిరోధాన్ని పక్కన పెడితే, సుమారు 17 మి.మీ. కిందికి జారుతుంది. సైట్లు, అంటే గురి చూసే అమరికలు, ఆ జారుడును సరిచేసి ఉంటాయి. కానీ వేగం ఒక దెబ్బకు 170, మరో దెబ్బకు 172 అయితే జారుడులో 0.4 మి.మీ. తేడా వస్తుంది. అది గుంపును నిలువునా సాగదీస్తుంది. మీ అమ్మాయి దెబ్బలు అడ్డంగా ఇరుకుగా, నిలువుగా పొడుగ్గా పడుతుంటే రైఫిల్ గాలి మీద అనుమానపడండి. ఎటుపడితే అటు పడుతుంటే చేతి మీద అనుమానపడండి.

జవాబు – పాత హవల్దార్, కోరుకొండ

నేను సైన్యంలో పనిచేసి వచ్చినవాణ్ణి. సాంకేతిక విషయాలు పై ఇద్దరూ చక్కగా చెప్పారు. చట్టం గురించి, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు కలుపుతాను.

ఈ చర్చ చదివి ఎవరైనా ఉత్సాహపడతారేమోనని ముందే చెబుతున్నాను: టెక్సాస్‌లో ఉన్న మన పలాస అబ్బాయి చేస్తున్న పని ఇక్కడ చేయడానికి వీల్లేదు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. తుపాకీ ఉంచుకునే లైసెన్సు వేరు, తూటా తయారీ లైసెన్సు వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్టు కాదు.

ఎయిర్ రైఫిల్‌కు ఆ బెడద లేదు. 2016 ఆయుధ నియమావళి ప్రకారం బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం వెడల్పు) 4.5 మి.మీ. మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉండే ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. మ్యాచ్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు, వేగం సెకనుకు 170 మీటర్లు అనుకుంటే శక్తి ఎనిమిది జౌళ్లకు లోపే వస్తుంది. మీరు నిశ్చింతగా ఉండవచ్చు. రైఫిల్ కొన్న రసీదును మాత్రం సంచిలోనే ఉంచండి. రైలులోనో బస్సులోనో పోటీకి వెళ్లేటప్పుడు ఎవరైనా అడిగితే వాదన పెట్టుకోవడం కంటే కాగితం చూపించడం సులువు.

.22 రైఫిల్ గురించి అడిగారు. ఆ తూటాకు నిప్పు పుట్టించే పదార్థం కేసు అడుగు అంచులోనే పోసి ఉంటుంది. దాన్ని ఫ్యాక్టరీలో కూర్చినట్టే వాడాలి, మళ్లీ నింపడానికి కుదరదు. కాబట్టి అక్కడ లోతు మార్చడమన్న మాటే లేదు. పెద్ద పోటీలకు వెళ్లేవారు కూడా తమ రైఫిల్‌కు ఏ లాట్ (ఫ్యాక్టరీ బ్యాచ్) తూటాలు నప్పుతాయో కాల్చి చూసి, ఆ లాట్‌నే కొనుక్కుంటారు. కోచ్ గారు పెల్లెట్లకు చెప్పిన పద్ధతే అది.

పెల్లెట్లు సీసంతో చేసినవి. పిల్లలు లెక్క కోసం పెల్లెట్‌ను పెదాల మధ్య పట్టుకోవడం నేను కళ్లారా చూశాను. అది ఎంతమాత్రం కూడదు. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్న తర్వాతే ఏదైనా తినాలి. పెల్లెట్లు ఆపే పెట్టె వెనుక పేరుకున్న బూడిదరంగు పొడిని పొడి చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న అడిగినవారు – కంటోన్మెంట్ విజయనగరం

అందరికీ ధన్యవాదాలు. పుల్ల ఆలోచన మానుకున్నాను. సిలిండరు తేదీ చూశాను, ఇంకా గడువు ఉంది. తెలిసిన వెల్డింగు షాపు నుంచి ఒక వైస్ తెచ్చి బల్లకు బిగించి, 4.49, 4.50 కొలతల పెల్లెట్లు కాల్చి చూశాం. ఐదేసి దెబ్బలలో 4.49 వాటి రంధ్రం కొంచెం చిన్నగా కనిపించింది. మర్నాడు చూస్తే 4.50 మెరుగ్గా ఉంది. కోచ్ మాస్టారూ, రెండు రోజులూ రైఫిల్ అదే, డబ్బాలు అవే. నేను ఏది నమ్మాలి?

జవాబు – నాగావళి ఒడ్డు కోచ్, శ్రీకాకుళం

ప్రస్తుతానికి దేన్నీ నమ్మకండి. టెక్సాస్ మిత్రులు మూడు తూటాల గ్రూపు గురించి అన్నది ఇక్కడా నిజమే. ఐదు దెబ్బల గుంపు పరిమాణాన్ని అందులో అన్నిటికంటే దూరంగా పడిన రెండు దెబ్బలే నిర్ణయిస్తాయి, మిగిలిన మూడూ ఉన్నా లేనట్టే. అందుకే ఒకే పెల్లెట్‌తో వరుసగా కాల్చిన గుంపులే ఒకదానితో ఒకటి పొసగవు. ఒక్కో కొలతకు పదేసి దెబ్బల గుంపులు కొన్ని తీసి, వాటి సగటును పోల్చండి. కొలతలను మార్చి మార్చి కాల్చండి: ఒక గుంపు 4.49, తర్వాతిది 4.50, మళ్లీ 4.49. ఒక రకాన్ని పొద్దున, మరో రకాన్ని సాయంత్రం కాలిస్తే సిలిండరులో తగ్గిన గాలి, గదిలో మారిన వేడి కూడా లెక్కలో కలిసిపోతాయి. డబ్బా మార్చిన ప్రతిసారీ మొదటి కొన్ని దెబ్బలను లెక్కలోకి తీసుకోకండి. కొత్త సీసం బ్యారెల్‌లో కుదురుకోవడానికి అవి కావాలి.

వైస్ ఎక్కడ పట్టుకున్నదో మీరు చెప్పలేదు. బ్యారెల్‌ను పట్టి ఉంటే ఆ పరీక్ష చెల్లదు, బ్యారెల్ మీద ఏ కొద్ది ఒత్తిడి పడినా దెబ్బ పడే చోటు మారుతుంది. రిసీవర్ (బోల్ట్ ఉండే లోహపు భాగం) దగ్గరో, ముందు చెయ్యి ఆనించే కట్టె దగ్గరో, మధ్యలో రబ్బరు ముక్క వేసి పట్టించండి. బల్ల కదలకుండా కాళ్ల దగ్గర ఇసుక బస్తాలు వేయండి.

ఇన్ని చేసినా రెండు కొలతల మధ్య తేడా కనబడకపోతే దొరికేదీ చవకైనదీ కొనండి.

జవాబు – పలాస నుంచి టెక్సాస్

కోచ్ గారి మాటకు ఒక చేర్పు. గుంపు వెడల్పును మాత్రమే రాయకుండా, ప్రతి దెబ్బ గుంపు కేంద్రం నుంచి ఎంత దూరంలో పడిందో కొలిచి వాటి సగటు తీయండి. మీరు ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద, గుంపు నడిమధ్యన పడేలా సరిచేసుకుని కాలిస్తే దశాంశ స్కోరే ఆ పని చేస్తుంది. కాగితం మీద కాలిస్తే ఒక్కో కాగితానికి ఒక్కో దెబ్బ చొప్పున కాల్చి, ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురుకు చూడవచ్చు. అప్పుడు పదీ లెక్కలోకి వస్తాయి, దూరంగా పోయిన రెండే పెత్తనం చేయవు.

ప్రశ్న అడిగినవారు – కంటోన్మెంట్ విజయనగరం

వైస్ బ్యారెల్‌నే పట్టింది మాస్టారూ. ఆదివారం రబ్బరు వేసి, కట్టె దగ్గర బిగించి, మార్చి మార్చి కాల్చి ఇక్కడ రాస్తాను. అప్పటిదాకా అమ్మాయి 9.6లు ఆమె కోచ్ గారు చెప్పినట్టు చేతి ఖాతాలోనే ఉంటాయి.